పెద్దమ్మ చెప్పిన “బాగుంది”

కొన్నేళ్ల క్రితం మా పెదనాన్నగారిని మాచర్ల నుండి హైదరాబాదు తీసుకువెళ్లి, ఒక పెద్ద ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచవలసి వచ్చింది. డిశ్చార్జి నాటి ఉదయం ఒక యువకుడు అచ్చు కాగితం పట్టుకువచ్చి మా పెద్దమ్మను ప్రశ్నలడిగాడు. డాక్టర్లు బాగా చూశారా? నర్సులు మర్యాదగా మాట్లాడారా? వార్డు శుభ్రంగా ఉన్నదా? అన్నిటికీ ఆవిడ “బాగుంది నాయనా” అనే చెప్పింది. ఆ పదకొండు రాత్రులూ ఆవిడ మెట్ల కింద దుప్పటి పరచుకుని పడుకున్నదనీ, సెక్యూరిటీవాళ్లు లేపినప్పుడల్లా చోటు మార్చిందనీ రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. బయటికి వచ్చాక “అట్లా ఎందుకు చెప్పావు పెద్దమ్మా?” అంటే, “మళ్లీ నెలకు రావాలి గదరా” అన్నది.

ఆ ఒక్క మాట నన్ను చాలాకాలం వెంటాడింది. రోగి తృప్తి అంటే ఏమిటో, దానిని ఎవరు, ఎప్పుడు, ఎవరిని అడగాలో తెలుసుకోవాలని మా పల్నాటివారి ఆసుపత్రి ప్రయాణాల చరిత్రను కొంత వెదికాను.

పాశ్చాత్య వైద్యానికి సంబంధించి మా సీమలో నాకు కనిపించిన పాత ఆనవాలు గురజాలలో ఉన్నది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్, మధ్యలో అమెరికా తిరిగివెళ్లి, యాభయ్యేళ్లు దాటిన వయసులో బాల్టిమోరులో వైద్యం చదివి 1847లో పట్టా పుచ్చుకున్నాడు. మళ్లీ వచ్చి, 1849లో గురజాలలో కాపురం పెట్టాడు. అంటే వైద్యం నేర్చినవాడు రోగులున్న చోటికే వచ్చాడన్నమాట. మత ప్రచారమే ఆయన ముఖ్యోద్దేశమన్నది నిజమే. అయినా ఆయన వద్దకు వెళ్లినవారు రాత్రి తమ ఇళ్లలోనే పడుకుని ఉంటారు గదా అనిపిస్తుంది.

తరువాతి కాలంలో దారి తిరగబడింది. రోగమొస్తే గుంటూరు పోవడమే. 1883లో అక్కడికి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికాలో వైద్యపట్టా పొందినది. ఐనా మిషన్ వారు ఆమెను మొదట పంపినది వైద్యానికి కాదు, బోధనకు. వైద్యసేవకు వారి అధికారిక ఆమోదం 1885లో గాని రాలేదు. 1898లో ఆమె ఆసుపత్రి తెరుచుకున్నది. పురుష వైద్యుని ముందుకు రావడానికి జంకే స్త్రీలకు అది ఎంత ఊరటో ఊహించవచ్చు. 1930లో ఆమె మరణించాక ఆ ఆసుపత్రి ఆమె పేరుతోనే నిలిచింది.

ఆ చరిత్రలో నన్ను ఆకట్టుకున్నది ఆపరేషన్ల లెక్క కాదు, ఒక సత్రం. ఏలూరు జమీందారు, కవి అయిన మంత్రిప్రగడ భుజంగరావు తన కుటుంబానికి అక్కడ జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా, ఆసుపత్రి ఎదుట రోగుల బంధువుల కోసం దానిని కట్టించాడు. తోడు వచ్చినవారు వండుకు తినడానికీ, నడుము వాల్చడానికీ ఒక చోటు. వైద్యం బాగున్నదని చెప్పడానికి ఇంతకు మించిన అభిప్రాయపత్రం ఉంటుందా?

రోగి సంతృప్తి శాస్త్రంగా మారినది చాలా తరువాత. 1966లో అవెడిస్ డొనబెడియన్ అనే పండితుడు వైద్యం నాణ్యతను మూడు విధాల చూడాలన్నాడు: ఏర్పాట్లు, చికిత్స జరిగిన తీరు, ఫలితం. మన కేంద్ర ప్రభుత్వం 2016లో ‘మేరా అస్పతాల్’ పేరుతో ఫోను ద్వారా రోగుల అభిప్రాయాలు సేకరించడం ప్రారంభించింది. మంచి పనే. కాని మా ఊళ్లలో రోగి ఒకరైతే ఫోను మరొకరి చేతిలో ఉంటుంది.

ఒక్క మార్కుతో ఆసుపత్రిని కొలవడం ఎంత కష్టమో గుంటూరు ప్రభుత్వాసుపత్రే చెబుతుంది. 2015 ఆగస్టులో అక్కడ ఎలుకలు కరిచిన పసికందు మరణించింది. మరుసటి ఏడాది అదే ఆసుపత్రిలో డాక్టర్ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. రెండూ నిజాలే. ఫలితం చూస్తే గర్వం, ఏర్పాట్లు చూస్తే సిగ్గు. ఆ రెండింటికీ సగటు కడితే వచ్చే అంకె దేనికి పనికివస్తుంది?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆసుపత్రుల గడప ఎక్కలేనివారిని లోపలికి పంపింది. అందులో నాకు నచ్చినది ‘ఆరోగ్యమిత్ర’ ఏర్పాటు. ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో మన భాషలో చెప్పే ఒక మనిషి. పల్లె నుండి వచ్చినవారికి రోగం తరువాత పెద్ద భయం దారి తెలియకపోవడమే.

2021లో పిడుగురాళ్ల వైద్య కళాశాలకు శంకుస్థాపన జరిగింది. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. హేయర్ గురజాల వచ్చిన నూట డెబ్బయ్యేళ్లకు, వైద్యం మళ్లీ మా వైపు నడిచి రావాలన్న ఆలోచన పుట్టిందని సంతోషించాను. కాని దగ్గరైనంత మాత్రాన సరిపోదు. మళ్లీ అదే డాక్టరు వద్దకు వెళ్లవలసినవారు మంచం పక్కన చెప్పే “బాగుంది” తృప్తి కాదు, జాగ్రత్త. నిజం కావాలంటే నెల తరువాత, వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని, ఆసుపత్రికి చెందనివారెవరైనా అడగాలి. రోగినే కాదు, తోడు వెళ్లినవారినీ అడగాలి.

మొదటి ప్రశ్న నేను రాసిపెట్టుకున్నాను: “రాత్రిళ్లు ఎక్కడ పడుకున్నావమ్మా?”