సూర్యుడి ఉత్తరం, సూర్యుడి దక్షిణం

1848లో స్విట్జర్లాండ్ ఖగోళవేత్త రుడాల్ఫ్ వుల్ఫ్ సూర్యుడి మచ్చలకు ఒక లెక్క కట్టాడు. మచ్చల గుంపులు ఎన్నో చూసి పదితో హెచ్చవేయాలి, దానికి విడివిడి మచ్చల సంఖ్య కలపాలి. రోజుకో అంకె వస్తుంది. పదకొండేళ్ల సౌరచక్రం మనకింత స్పష్టంగా తెలిసిందంటే ఆ అంకెల వరుస పుణ్యమే. అయితే మచ్చ సూర్యుడి మధ్యరేఖకు ఎగువన ఉందా, దిగువన ఉందా అన్నది అందులో కనిపించదు. ఉత్తరం, దక్షిణం ఒకే కుప్పలో కలిసిపోతాయి.

ఆ తేడా ఎంత పెద్దదో పాత నమోదులే చెప్పాయి. జర్మన్ పరిశీలకుడు గుస్టావ్ స్పోరర్ 1880ల చివర్లో వాటిని తిరగేశాడు. 1645 నుంచి 1715 దాకా మచ్చలే అరుదు. కనిపించిన ఆ కొద్దిపాటివీ దాదాపు దక్షిణార్ధంలోనే. 1672 తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఉత్తరార్ధం బోసిపోయి ఉంది. పారిస్ అబ్జర్వేటరీలో పికార్, ఆయన తర్వాత లా ఇర్ ఓపిగ్గా రాసిపెట్టిన పుస్తకాలను 1993లో ఫ్రెంచి పరిశోధకులు మళ్లీ లెక్కించినప్పుడూ ఇదే తేలింది. పరికరం లోపమని కొట్టిపారేయడానికి వీల్లేదు. అదే టెలిస్కోపు, అవే కళ్లు దక్షిణపు మచ్చలను చూస్తూనే ఉన్నాయి కదా!

గ్రీనిచ్‌లో 1874 నుంచి రోజూ సూర్యుడి ఫొటోలు తీసి, ప్రతి మచ్చ అక్షాంశం కొలిచి రాసేవారు. అక్కడ పనిచేసిన వాల్టర్ మాండర్, ఆయన భార్య ఆనీ 1904లో ఆ కొలతలను ఒక పటంగా గీశారు. ఒకరు అంకెలు చదువుతుంటే ఇంకొకరు చిన్న చిన్న గీతలు గీస్తూ, వారం రోజుల సాయంత్రాల్లో పూర్తిచేశారు. సీతాకోకచిలుకల వరుసలా వచ్చిందా పటం. నాకు అందులో ముఖ్యంగా తోచేది ఆ రెక్కలే: పైరెక్కా కిందిరెక్కా ఎప్పుడూ అచ్చంగా ఒకలా ఉండవు. ఒకటి ముందు మొదలవుతుంది, ఒకటి ఎక్కువ నిండుతుంది. 1960లలోనైతే ఏళ్ల తరబడి ఉత్తరానిదే పైచేయి.

మచ్చలే కాదు, అయస్కాంత ధ్రువాలదీ ఇదే తీరు. చక్రం ఉచ్చస్థితికి వచ్చినప్పుడు సూర్యుడి ధ్రువాలు తారుమారవుతాయి. హెరాల్డ్ బాబ్‌కాక్ దీన్ని తొలిసారి కనిపెట్టినప్పుడు దక్షిణ ధ్రువం 1957 మధ్యలోనే మారింది, ఉత్తరం 1958 నవంబరు దాకా మారలేదు. ఏడాదికి పైగా సూర్యుడి రెండు ధ్రువాలూ ఒకే గుర్తుతో ఉన్నాయి.

ఎందుకిలా? సూర్యుడు గట్టి బంతి కాదు. మధ్యరేఖ దగ్గర వేగంగా, ధ్రువాల వైపు నెమ్మదిగా తిరుగుతాడు. ఆ తేడా లోపలి అయస్కాంత రేఖలను మెలిపెడుతుంది. ఈ పని ఒక్కో సగంలో చాలావరకు విడిగా జరుగుతుంది, మధ్యరేఖ మీదుగా రెంటికీ ఉన్న లంకె బలహీనం. అయినా అది తెగదు. సాధారణంగా ఒకదానికొకటి రెండేళ్లకు మించి వెనకబడవు. నన్ను ఆశ్చర్యపరిచేది తేడా కంటే ఈ కట్టుబాటే.

24వ సౌరచక్రంలో ఆ తేడా ఈ హద్దునూ కాస్త దాటింది. ఉత్తరార్ధం 2011 చివరికే ఉచ్చస్థితి దాటేసింది, దక్షిణార్ధం 2014లో గానీ అందుకోలేదు. మొత్తం లెక్కలో రెండు శిఖరాలొచ్చాయి, 2014 ఏప్రిల్‌లో వచ్చిన రెండోదే ఎత్తు. ఆ రెండు శిఖరాలు ఎందుకొచ్చాయో ఒక్క అంకెను చూసి చెప్పలేం.

మాండర్ దంపతులు పటం గీసిన 1904లోనే మన కొడైకెనాల్‌లో సూర్యుడి ఫొటోల వరుస మొదలైంది. శతాబ్దం దాటిన ఆ పలకలను డిజిటల్ రూపంలోకి మార్చాక, రెండు సగాలనూ విడిగా కొలవడానికి వాడుతున్నారు. ధ్రువాలు మాత్రం భూమి మీద నుంచి ఏటవాలుగానే కనిపిస్తాయి. 2025 మార్చిలో సోలార్ ఆర్బిటర్ అంతరిక్ష నౌక సూర్యుడి మధ్యరేఖకు 17 డిగ్రీలు దిగువకు వెళ్లి, దక్షిణ ధ్రువాన్ని తొలిసారి ఆ కోణంలో ఫొటో తీసింది.

వుల్ఫ్ లెక్కను ఇప్పుడు కొనసాగిస్తున్న బ్రస్సెల్స్ కేంద్రం 1992 నుంచి ఉత్తర, దక్షిణాల అంకెలు వేర్వేరుగా ఇస్తోంది. సౌరచక్రం శిఖరానికి చేరిందని ఎక్కడైనా చదివితే, ఏ సగంలోనో ఆ పట్టికలో చూడండి.