గ్రేట్ బ్లాస్కెట్ ద్వీపపు బడి

ఐర్లండు దేశపు నైరుతి మూలను, డింగిల్ ద్వీపకల్పమున కెదురుగా, అట్లాంటిక్ సముద్రములో గ్రేట్ బ్లాస్కెట్ అను చిన్న ద్వీపము కలదు. ప్రధానభూమికిని దానికిని నడుమ దూరము రెండు కిలోమీటర్లు మాత్రమే. అయినను ఆ కొద్దిపాటి నీటిని దాటుట సులభము కాదు. కొయ్యచట్రమునకు గుడ్డ బిగించి తారు పూసిన తేలిక పడవలే ద్వీపవాసుల కాధారముగా నుండెను. గాలి తిరిగినచో దినములకొలది రాకపోకలు నిలిచిపోయెడివి. అట్టిచోట 1864 మొదలు 1941 వరకు, డెబ్బదియేడు సంవత్సరములు, ఒక ప్రాథమిక పాఠశాల నడచినది. ఆ బడి చరిత్రను మనమొకసారి స్మరించుకొందము.

ఐర్లండులో 1831లో జాతీయ పాఠశాలల పద్ధతి ఏర్పడెను. ఈ బడియు ఆ పద్ధతిలోనిదే. ద్వీపములో పుట్టిన పిల్లలకు తెలిసిన భాష ఐరిష్ ఒక్కటే. బడిలో చదువు మాత్రము ఇంగ్లీషులో సాగెను. తల్లి ఒడిలో నేర్చిన మాటకు పలకమీద చోటు లేకపోయెను.

ఆ బడిలో చదివినవారిలో టోమాస్ ఓ క్రోహన్ ముఖ్యుడు. పదియేండ్ల వయస్సున, 1866 ప్రాంతమున, ఆయన బడిలో చేరెను. ఉపాధ్యాయురాలు పిల్లలకు ఆపిల్ పండ్లు పంచిపెట్టిన సంగతిని ముసలితనమునందును ఆయన మరువలేదు. తనిఖీకి వచ్చిన అధికారి కండ్లద్దములు పెట్టుకొని యుండగా, అట్టి వస్తువు నెన్నడును చూచి యెరుగని పిల్లలు నాలుగు కన్నుల మనిషి వచ్చినాడని బెదరిపోయిరట! బల్లపై ఆయన ప్రక్కన కూర్చుండిన బాలుడే పెద్దవాడై ద్వీపమునకు ‘రాజు’ అని పిలువబడెను. ఆ రాజునకు కిరీటము లేదు. ఉత్తరాల సంచి మోసి తెచ్చుట ఆయన పని.

బడి వెలుపలి చదువు వేరు. చేపలు పట్టుట, గొఱ్ఱెలను కాచుట, కొండమీద పీటుమట్టిని కోసి వంటచెరకుగా ఎండబెట్టుట, ఆకాశమును చూచి గాలివానను ముందుగా గుర్తించుట, ఇవన్నియు పెద్దల వెంట తిరిగి నేర్చుకొనిన విద్యలు. రాత్రులయందు నిప్పుగూటి చుట్టును చేరి వినిన కథలే వారికి సాహిత్యము.

ఓ క్రోహన్ ఇంగ్లీషు చదువనేర్చెను గాని, తన భాషలో ఒక్క అక్షరమైనను బడి ఆయనకు నేర్పలేదు. ఆ లోటు తీరిన విధము వినదగినది. నడివయస్సున ఆయన పనిమీద ఎదుటి తీరమునందలి డన్‌క్విన్ గ్రామమునకు పోయి, సముద్రము పొంగి తిరిగిరాలేక చిక్కుకొనెడివాడు. అచ్చటి పిల్లలు బడిలో ఐరిష్ పుస్తకములు చదువుచుండిరి. వారిచేత చదివించుకొని, విని, రుచి మరిగి, తానును చదువ నేర్చెను. పిల్లలు గురువులు, నెరసిన తలవాడు శిష్యుడు!

1907లో నార్వే పండితుడు మార్‌స్ట్రాండర్, 1910లో ఆంగ్ల పండితుడు రాబిన్ ఫ్లవర్ ఐరిష్ నేర్చుటకై ద్వీపమునకు వచ్చి, ఓ క్రోహన్‌నే గురువుగా నెంచుకొనిరి. 1929లో ఆయన ఆత్మకథ ‘ద్వీపవాసి’ వెలువడెను. 1933లో అదే ద్వీపమువాడగు మారిస్ ఓ సలివన్ గ్రంథమును, 1936లో పేగ్ సేయర్స్ తన జీవితకథను చెప్పగా కుమారుడు వ్రాసిన గ్రంథమును ప్రకటితములయ్యెను. రెండువందల జనము లేని ద్వీపమునుండి ఇన్ని గ్రంథములు వచ్చుట అబ్బురము కదా!

అయితే బడి నేర్పిన ఇంగ్లీషు వ్యర్థమని మనమనరాదు. అమెరికాకు వలసపోవువారికి అదియే బ్రతుకుతెరువు చూపినది. తల్లిదండ్రులును దానినే కోరిరి. కాని పోయినవారిలో తిరిగివచ్చినవారు కొద్దిమంది. 1916లో 176గా నున్న జనసంఖ్య ఏటేట తరిగెను. పడుచువారు పోగా పెండ్లిండ్లు తగ్గెను. పెండ్లిండ్లు తగ్గగా బడికి పిల్లలు కరవైరి. 1941లో బడి మూతపడెను. ఇక పిల్లలున్న కుటుంబమునకు ద్వీపమున నిలుచుటకు దారి యేది? 1947లో తుపానులవలన ఆహారము చేరక, ద్వీపవాసులు ప్రధాని డీ వలేరాకు తంతి పంపవలసివచ్చెను. 1953 నవంబరు 17న ప్రభుత్వము వారిని తరలింప మొదలుపెట్టెను. అప్పటికి మిగిలినవారు ఇరువదిరెండుగురు మాత్రమే.

బడి మూతపడిన పన్నెండేండ్లకు ఊరు మూతపడినది. కొద్దిమంది పిల్లలున్న బడిని నిలుపుట దండుగయని లెక్క కట్టునపుడు, ఆ పన్నెండేండ్లను కూడ లెక్కలో చేర్చుకొనుట మనకు మంచిది.