సుద్దపల్లి ఈల, మూడు నిమిషాల ప్లేటు

ఈలపాట రఘురామయ్యగా తెలుగునాట పేరు మోగిన కల్యాణం రఘురామయ్య 1901లో చేబ్రోలు పొరుగున ఉన్న సుద్దపల్లిలో పుట్టారు. రంగస్థలం మీద ఆయన కృష్ణుడు, దుష్యంతుడు, భవానీశంకరుడు, నారదుడు. నోట్లో వేలు పెట్టి రాగాన్ని ఈలగా పలికించడం ఆయనకే చెల్లిన విద్య. ఆ విద్యే ఇంటిపేరును పక్కకు తోసి ఆయన పేరులో చేరింది. రాత్రంతా సాగే నాటకాల్లో ఆయన పాడింది అప్పటికప్పుడు గాలిలో కలిసిపోయేదే. కొంతైనా మిగిలిందంటే అందుకు కారణం గ్రామఫోను ప్లేటు. రఘురామయ్య, ఆయన సమకాలికులు పాడిన పద్యాల ప్లేట్లు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు పద్యనాటకానికి మిగిలిన మొదటి శ్రవణ చరిత్ర.

ఈ నేలకు ఆటపాటల వారసత్వం కొత్తగా వచ్చింది కాదు. శాసనాల్లో తామ్రపురిగా కనిపించే చేబ్రోలు, కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయపకు సంబంధించిన ఊరు. ఇక్కడి ఆలయ శాసనాల్లో అతని దానధర్మాల ప్రస్తావన ఉంది. 1253-54 ప్రాంతంలో అతడు సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళి మన నృత్యశాస్త్ర గ్రంథాల్లో శిఖరం లాంటిది. దాన్ని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగులోకి తెచ్చారు. కానీ ఏడు వందల ఏళ్ల తర్వాతి పద్యనాటకాన్ని పోషించింది రాజాస్థానం కాదు, కాలువ నీళ్లు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టాలో వరి స్థిరపడింది. రైతు చేతిలో రొక్కం ఆడింది. మద్రాసు–బెజవాడ రైలుమార్గం బాపట్ల, తెనాలి మీదుగా వెళ్లింది. తరవాత గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు మరో దారి పడింది. తెరలు, కిరీటాలు, హార్మోనియం పెట్టెలు రైలెక్కించుకుని నాటక సమాజాలు ఊరూరా తిరగగలిగింది ఈ సదుపాయంతోనే. కోతలయ్యాక నాటకం కట్టించడం ఊరి పరువుకు సంబంధించిన విషయమైంది.

తెనాలిలో శ్రీరామవిలాస సభ ఈ పంటకు కేంద్రం. మాధవపెద్ది వెంకట్రామయ్య, స్థానం నరసింహారావు వంటివారు ఆ సభ నటులే. బాపట్ల వాడైన స్థానం పురుషుడై ఉండి స్త్రీ పాత్రలకు ప్రాణం పోశారు. శ్రీకృష్ణ తులాభారంలో ఆయన సత్యభామ, రఘురామయ్య కృష్ణుడు కలిసిన రాత్రులను ఆ తరం జీవితాంతం చెప్పుకుంది. సత్య హరిశ్చంద్రీయం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం కూడా బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టినవారే. రాసేవారు, పాడేవారు, డబ్బిచ్చి చూసేవారు ముగ్గురూ కొద్ది మైళ్ల వ్యవధిలో దొరికిన ప్రాంతం ఇది.

ఇక ప్లేటు సంగతి. లండన్‌లోని గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో తొలి రికార్డింగులు చేశారు. గాయని గౌహర్ జాన్ అప్పుడు పాడిన ప్లేట్లలో పాట చివర తన పేరు తానే చెప్పుకుంటుంది. ముద్రణ జర్మనీలోని హనోవర్‌లో జరిగేది కనుక, ఏ ప్లేటు ఎవరిదో అక్కడివారికి తెలియడానికి ఆ ఏర్పాటు. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం వచ్చాక ప్లేట్లు ఇక్కడే తయారయ్యాయి. మొదటి రోజుల్లో పెద్ద కొమ్ము ముందు నిలబడి గట్టిగా పాడాలి. గొంతులోని గాలి అదురే సూదిని కదిపి మైనం మీద గీత గీసేది. 1925 తర్వాత మైక్రోఫోను వచ్చి ఈ పద్ధతి మారింది. కొమ్ము పట్టుకోలేని సన్నని స్వరాలు, హార్మోనియం మెట్ల నాదం, చివరి గమకపు వణుకు కూడా ప్లేటుకెక్కాయి. ఈలపాటకు ఈ మార్పు వరమే. మైకు ముందు ఈల వేయడానికి రంగస్థలం మీద వేసినంత బలం అక్కర్లేదు, నాజూకు కావాలి.

ప్లేటు వ్యాసం పది అంగుళాలు. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరుగుతుంది. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. పద్యనాటక నటుడికి ఇది కఠినమైన నియమం. రంగస్థలం మీద సీసపద్యం ఎత్తుకుంటే, ముందు రాగాలాపన, ప్రతి పాదం చివర దీర్ఘం, ప్రేక్షకులు వన్స్‌మోర్ అన్నప్పుడు మళ్లీ మొదటి నుంచి, ఇలా ఒక్క పద్యమే పావుగంట దాటేది. హార్మోనిస్టు కూడా నటుడితో పోటీపడి ఎత్తుకెళ్లేవాడు. ప్లేటు మీద అవేవీ కుదరవు. హార్మోనియం రెండు మూడు సెకన్లలో శ్రుతి చూపిస్తుంది. గాయకుడు ఆలాపనను చిటికెలో ముగించి పద్యం అందుకుంటాడు. మొదటి రెండు పాదాలు దాదాపు మాటలాగే సాగుతాయి. మూడో పాదం చివర స్వరం పైకి లేస్తుంది. నాలుగో పాదంలో ఒక్క మాటను పట్టుకుని పైస్థాయిలో తిప్పి, గొంతును కిందికి దించి విరమిస్తాడు. ఆ చివరి తిప్పులోనే గాయకుడి ఘనత మొత్తం ఉంటుంది. ఉత్పలమాల, చంపకమాల వంటి నాలుగు పాదాల వృత్తాలు ఒక వైపుకు రెండు పడతాయి. సీసం, దాని తేటగీతితో కలిపి పాడితే ఒక వైపు నిండుతుంది. కందపద్యాలైతే మూడూ నాలుగూ పట్టవచ్చు. ఈ లెక్కను బట్టే ఏ పద్యాలు ప్లేటుకెక్కాయో, ఏవి ఎక్కలేదో తేలింది. పొడవైన వాగ్వాదాలు, సన్నివేశాల మధ్య మాటలు, హాస్యం చాలావరకు బయటే ఉండిపోయాయి.

పూర్తి నాటకం వినాలన్న కోరిక ప్రజల్లో ఉండేది గనుక కంపెనీలు సెట్లు అమ్మాయి. ఒక నాటకాన్ని కుదించి నాలుగైదు ప్లేట్లలో ఇచ్చి, ఒకే పెట్టెలో పెట్టేవారు. ప్లేటు మార్చే మధ్యలో కథ ఆగినా వినేవారికి అభ్యంతరం ఉండేది కాదు. హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్, మద్రాసు హచిన్స్ ఈ రంగంలో పోటీ పడ్డాయి. తరవాత సినిమా స్టూడియో అధిపతిగా పేరొందిన ఏ.వి. మెయ్యప్పన్ 1930ల మొదట్లో మద్రాసులో సరస్వతీ స్టోర్స్ తరఫున ఓడియన్ ప్లేట్లు తయారు చేయించి అమ్మినవారే. ఈ వ్యాపారంలో తెలుగు పద్యానికి మంచి గిరాకీ ఉండేది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు, కాళ్లకూరి నారాయణరావు చింతామణి, బలిజేపల్లి హరిశ్చంద్ర, ముత్తరాజు సుబ్బారావు శ్రీకృష్ణ తులాభారం ప్లేట్ల జాబితాలో పదే పదే వచ్చే పేర్లు. 1935లో అకాలంగా కన్నుమూసిన నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు పల్లెల్లో వినపడని ఇల్లు లేదన్నట్టు మోగాయి.

స్థానం నరసింహారావు పాటలు ప్లేటుకెక్కడం వేరే కారణంగా విశేషం. వేదిక మీద ఆయన సత్యభామను జనం చూసేవారు: జడ, నడక, ఓరచూపు. ప్లేటులో ఇవేవీ లేవు. మగవాడి గొంతు మాత్రమే ఉంది. అయినా విన్నవారికి సత్యభామే కనిపించింది. వేదిక మీది గొంతు ప్లేటుకు ఒదిగింది మన దగ్గరే కాదు. అదే కాలంలో అమెరికాలో బెస్సీ స్మిత్ అనే నల్లజాతి గాయని 1923 నుంచి పదేళ్లలో కొలంబియా కంపెనీకి బ్లూస్ పాటలు నూట అరవై దాకా పాడారు. ఆమె కూడా గుడారం నాటకాల వేదికల నుంచి వచ్చినవారే. ఆమె కంఠం కూడా ప్లేటు మూడు నిమిషాలకు ఒదిగింది. ఆమె 1937లో చనిపోయిన తర్వాత, 1970ల ఆరంభంలో కొలంబియా ఆ పాటలన్నిటినీ వరసగా ఎల్.పి. రికార్డులుగా అమర్చి విడుదల చేసింది. చెల్లాచెదురైన ప్లేట్లు ఒక మనిషి జీవితంగా కనిపించింది అప్పుడే. ఏ పాట ముందు, ఏది తర్వాత, గొంతు ఎప్పుడు చిక్కబడింది అన్నవి మామూలు శ్రోతకు వరసగా వినిపించాయి.

మన ప్లేట్లు మొదట ధనిక రైతుల ఇళ్లలో, వకీళ్ల ఇళ్లలో, ఆ తర్వాత పట్నాల కాఫీ హోటళ్లలో, పెళ్లిళ్లలో వినిపించాయి. చేత్తో కీ తిప్పే పెట్టె అది. ప్లేటు మధ్యలో స్ప్రింగు సడలితే గొంతు నీరసించి రాగం కిందికి జారేది. పిల్లలు పరుగెత్తుకెళ్లి మళ్లీ కీ తిప్పేవారు. ఉక్కు సూది ఒక వైపుకు ఒకటి చొప్పున మార్చాలి. పొదుపు కోసం అరిగిన సూదితోనే వాయిస్తే గాడి అరిగి పద్యం బొంగురుపోయేది. ఇప్పుడు దొరికే ప్లేట్లలో బాగా ఇష్టపడి విన్నవే ఎక్కువగా పాడై ఉండటానికి ఇదే కారణం. ప్లేటును విని నేర్చుకునేవారూ తయారయ్యారు. ఊళ్లో నాటకం వేయాలనుకున్న కుర్రవాడు రఘురామయ్య పద్యం పదేపదే పెట్టుకుని ఎక్కడ గొంతు ఎత్తాలో, ఎక్కడ విరమించాలో కంఠతా పట్టేవాడు. గురువు లేని శిష్యులు వందల్లో పుట్టారు. దీనికి మరో వైపు కూడా ఉంది. రఘురామయ్య ఒక రాత్రి ఒక రాగంలో, మరో రాత్రి ఇంకో రాగంలో పాడే పద్యానికి ప్లేటు మీద ఒక్క రూపమే నిలిచింది. ఆ ఒక్క రూపమే సరైనదన్న నమ్మకం పల్లెల్లో పాతుకుపోయి, దాని నుంచి తప్పుకున్న గాయకుణ్ని జనం ఒప్పుకోని పరిస్థితి వచ్చింది.

సినిమా కూడా ఇదే గొంతులను ఎత్తుకెళ్లింది. తెలుగు టాకీ 1932లో వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన పృథ్వీపుత్రతో రఘురామయ్య తెర మీదికి వెళ్లారు. 1947లో గొల్లభామలో కథానాయకుడయ్యారు. తెర మీద ఆయన పాడిన పాటలు కూడా ప్లేట్లుగా అమ్ముడయ్యాయి. దీంతో రంగస్థలపు ప్లేటు, సినిమా ప్లేటు ఒకే దుకాణంలో పక్కపక్కన చేరాయి. మద్రాసు ఆకాశవాణి 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. రేడియో పద్యానికి మూడు నిమిషాల గడువును తీసేసింది. గంటల తరబడి సాగే నాటకంలో సగమైనా ప్రసారం చేయగలిగింది. కానీ రేడియో వినిపించి వెళ్లిపోయేది. ప్లేటు మాత్రం ఇంట్లో ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్లేట్లకు ముడిసరుకు కొరత వచ్చింది. ప్లేటుకు కావలసిన లక్క ఛోటానాగపూర్ అడవుల్లో పురుగులు చెట్లకొమ్మలపై విడిచే జిగురు. దానికి రాతిపొడి, మసి కలిపి ప్లేటు ఒత్తేవారు. ఇండియాలో 1959లో ఎల్.పి.లు వచ్చి, ఆ తర్వాత కొన్నేళ్లకు లక్క ప్లేట్ల తయారీ ఆగిపోయింది. ఈ కొత్త ప్లేటుకు ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. పద్యానికి ఊపిరి తిరిగి వచ్చింది. గుంటూరు జిల్లా కొమ్మూరులో పుట్టిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపం పద్యాలు ఘంటసాల గొంతులో, నాటక పద్యాలు తెనాలి పక్కన బ్రాహ్మణకోడూరులో పుట్టిన మాధవపెద్ది సత్యం గొంతులో పల్లెలకు చేరాయి. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. 1980ల్లో రామాలయం మైకుల్లో, బస్టాండు దుకాణాల్లో కృష్ణ రాయబారం, పడక సీను పద్యాలు మోగింది ఈ క్యాసెట్ల నుంచే.

రఘురామయ్య 1975లో పద్మశ్రీ అందుకున్నారు. కొన్ని వారాలకే, ఫిబ్రవరి 24న, కన్నుమూశారు. బెస్సీ స్మిత్ పాటల్లా ఆయన పాడిన లక్క ప్లేట్లను ఒక సంపుటిగా కూర్చడం వెతుకులాటకు పెద్ద పరీక్ష. ప్లేటు మధ్య లేబుల్ మీద గాయకుడి పేరు, పద్యాల మొదటి మాటలు, కంపెనీ నంబరు ఉంటాయి. రికార్డు చేసిన తేదీ ఉండదు. తేదీ పట్టుకోవాలంటే లేబుల్ దగ్గర గాడి ముగిసేచోట చెక్కిన మాట్రిక్స్ నంబరు చూడాలి. కంపెనీ పద్దుల్లో ఆ నంబరు ఏ నెలలో వాడారో తెలిస్తే గాయకుడు ఆ పద్యాన్ని ఏ వయసులో పాడాడో లెక్కగట్టవచ్చు. ఇంగ్లాండ్‌లోని కంపెనీ పత్రాలను తవ్వి మైకేల్ కిన్నియర్ 1899 నుంచి 1908 వరకు భారతీయ రికార్డింగుల జాబితా తయారు చేశారు. 1990లో ముంబయిలో మొదలైన భారతీయ రికార్డుల సేకర్తల సంఘం ఈ పనిని దేశమంతటా కొనసాగించింది. తెలుగు ప్లేట్ల విషయంలో వి.ఏ.కె. రంగారావు సేకరణకు సాటి లేదు. వేలకొలది డెబ్బై ఎనిమిది చుట్ల ప్లేట్లు ఆయన సేకరించి, వాటి కథలు పత్రికల్లో ఏళ్లతరబడి రాశారు. ప్లేటు వెతకడం, కడగడం, సరైన వేగంతో తిప్పి శబ్దం పట్టడం అన్నీ ఓపిక పని. వేగం స్వల్పంగా తేడా పడితే శ్రుతి మారి, పాడిన మనిషి గొంతు వేరొకరిదైనట్టు వినిపిస్తుంది. అందుకని సేకర్తలు హార్మోనియం శ్రుతిని ఆధారం చేసుకుని వేగాన్ని సరిచేస్తారు.

లక్క ప్లేటు జారిపడితే ముక్కలు కావడం ఖాయం. గోడకు ఆనించి నిలిపితే ఎండకు వంగుతుంది. తెనాలి, చేబ్రోలు చుట్టుపక్కల పాత ఇళ్ల అటకల మీద నుంచి దిగుతున్న ప్లేట్లు ఈ రెండు ప్రమాదాలూ దాటి వచ్చినవే. ఇప్పుడు వాటి శబ్దాలు కంప్యూటరు ఫైళ్లుగా మారి అంతర్జాలంలో తిరుగుతున్నాయి. ఇక్కడ ఒక నష్టం జరుగుతోంది. ప్లేటు లేబుల్ ఫోటో, మాట్రిక్స్ నంబరు లేకుండా ఎక్కించిన పద్యానికి పాడినవారెవరో, ఎప్పుడు పాడారో నిరూపించడం కష్టం. ఒకే పద్యం రఘురామయ్యది, ఆయనను అనుకరించిన మరొకరిది పక్కపక్కన ఒకే పేరుతో చేరిపోతే, విడదీయడానికి మిగిలే ఆధారం లేబుల్, నంబరే. అందుకే శబ్దంతో పాటు ప్లేటు రెండు వైపులా స్పష్టంగా ఫోటో తీసి, నంబర్లు రాసి ఉంచడం సేకర్తలు మొదటి నియమంగా పాటిస్తారు.