పూజ్యం నుంచి సంచిక దాకా: నిజాం రాష్ట్రంలో తెలుగు రచయిత అచ్చుదారి

ఒక ప్రాంతంలో కవులు లేరనడానికీ, ఆ ప్రాంతపు కవుల రచనలు అచ్చుకాలేదనడానికీ ఎంతో భేదం ఉంది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాల్లో నిజాం రాష్ట్రపు తెలుగు సాహిత్యాన్ని అంచనా వేసినవారు ఈ భేదాన్ని తరచు విస్మరించారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ముడుంబ వేంకట రాఘవాచార్యులు చేసిన వ్యాఖ్య, దానికి ప్రతిగా 1934లో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’ సాహిత్య చరిత్రలో ప్రసిద్ధాలు. ఈ ఘట్టాన్ని ప్రాంతీయ ఆత్మగౌరవ ప్రకటనగా వివరించడం పరిపాటి. ప్రచురణ కేంద్రానికి దూరంగా ఉన్న రచయిత అచ్చులోకి ప్రవేశించిన తీరుకు నిదర్శనంగా దీనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు ముద్రణకు ఆనాటి కేంద్రం మద్రాసు. వావిళ్ళవారి ముద్రణాలయం 1854లో అక్కడే మొదలైంది. ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో అక్కడే ఏర్పడింది. బొంబాయిలో 1908లో వారపత్రికగా పుట్టిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో ‘భారతి’ మాసపత్రిక వెలువడింది. బ్రిటిషు పాలిత ఆంధ్ర జిల్లాల బడులలో తెలుగు బోధన ఉండటం వల్ల ముద్రాపకులకు పాఠ్యపుస్తకాల రూపంలో స్థిరమైన ఆధారం ఉండేది.

నిజాం రాష్ట్రంలో ఈ ఆధారం బలహీనం. కచేరీల భాష మొదట పారశీకం, తరువాత ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయానికీ ఉర్దూయే బోధనభాష. నాణెం వేరు, తపాలా వేరు. హైదరాబాదు పాఠకుడు మద్రాసు పుస్తకం తెప్పించుకోవాలంటే హాలీ సిక్కాను కల్దారులోకి మార్చుకోవలసి వచ్చేది. తెలుగులో రాసేవారికి విద్యాసంస్థల ఆదరణా కొరవడింది, అమ్మకానికి అంగడీ కొరవడింది. ఇక్కడి రచనలు తాళపత్రాలలోనూ చేతిరాత ప్రతులలోనూ ఉండిపోవడానికి ఇది ప్రధాన కారణం. ఆ రచనలు మద్రాసు విమర్శకుని కంటికి ఆనకపోవడంలో వింత లేదు.

సంస్థలు సైతం కేంద్రం వైపు ఒరిగిన సందర్భం ఒకటి గమనింపదగినది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని హైదరాబాదులోనే స్థాపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్రతో దాని ప్రచురణలు మొదలయ్యాయి. కొద్దికాలానికే మండలి మద్రాసుకు తరలిపోయింది. ప్రచురణకర్త తరలిపోయినా పాఠకుడు ఇక్కడే మిగిలాడు. ఆ పాఠకుని నిలిపినవి గ్రంథాలయాలు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. అచ్చుపుస్తకాన్ని అందుబాటులోకి తెచ్చిన ఈ సంస్థలే, రాసేవారికి తమ ఊళ్లలోనే చదువరులు ఉన్నారన్న భరోసాను కూడా ఇచ్చాయి.

తరువాతి దశలో ముద్రణాయంత్రమే ప్రాంతానికి వచ్చింది. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రికను, మానుకోట ప్రాంతంలోని ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ‘తెనుగు’ పత్రికను ప్రారంభించారు. ఒద్దిరాజు సోదరులు స్వగ్రామంలోనే అచ్చుయంత్రం నెలకొల్పి, రచన, అక్షరాల కూర్పు, ముద్రణ తామే నిర్వహించారు. రచయిత, ముద్రాపకుడు, ప్రకాశకుడు ఒక్కరే కావడం ఆదర్శం కోసం కాదు. ఆ పనులను పంచుకునే వ్యవస్థ అక్కడ లేకపోవడం వల్ల అది తప్పనిసరి అయింది. అటువంటి ప్రయత్నం వ్యక్తుల ఓపిక మీద, చేతిలోని సొమ్ము మీద ఆధారపడుతుంది.

సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న ప్రారంభించిన ‘గోలకొండ’ పత్రిక ఈ పరిమితిని కొంత అధిగమించింది. పూజ్యమన్న మాటకు ఆయన వాదంతో సరిపెట్టుకోలేదు. పత్రిక ద్వారా కవుల వివరాలనూ రచనలనూ ఆహ్వానించి, 354 మందిని ఒక సంపుటంలో నిలిపారు. ఇక్కడ పద్ధతి ముఖ్యం. సాధారణంగా గ్రామాలలోని కవి తన ప్రతిని పట్టుకొని నగరంలోని ముద్రాపకుని వెదుక్కోవాలి. ఆ కవి గడప దాటకుండానే అతని పద్యం అచ్చుకెక్కే మార్గాన్ని ఈ పత్రిక కల్పించింది. పరిచయాలూ పలుకుబడీ లేని రచయితకు అది తొలి ప్రవేశం.

ఈ మార్గానికి హద్దులు లేకపోలేదు. పత్రికాముఖంగా వచ్చిన పిలుపు అక్షరాస్యులకే నేరుగా అందుతుంది. కాగితం మీద పెట్టగల రచన మాత్రమే తపాలాలో ప్రయాణిస్తుంది. నోటి మీద నడిచిన పాటకూ కథాగానానికీ ఈ దారి తెరుచుకోలేదు. మద్రాసు అచ్చును ప్రమాణంగా గైకొన్నవారు నిజాం రాష్ట్రాన్ని చూడలేకపోయినట్లే, సంచిక కూడా అచ్చును ప్రమాణంగా గైకొన్నందువల్ల కొందరిని చూడలేకపోయింది. దాని చారిత్రక ప్రాధాన్యాన్ని అంగీకరిస్తూనే ఈ విషయాన్ని గుర్తించవలసి ఉంది.

సంచిక చాటిన ఉనికికి నిలకడనివ్వడం తరువాతి కార్యం. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించి, పుస్తకాలను స్వయంగా మోసుకు తిరిగి అమ్మారు. రచన అచ్చు కావడంతో పని పూర్తికాదనీ, అది పాఠకుని చేతికి చేరాలనీ ఆయన శ్రమ తెలియజేస్తుంది.

గ్రంథాలయం, పత్రిక, సంచిక, గ్రంథమాల అనే ఈ క్రమాన్ని గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. నిజాం రాష్ట్రపు తెలుగు రచయిత అచ్చులోకి రావడం ఏ ఒక్కరి ప్రతిభకో దక్కిన గుర్తింపు కాదు. చదువరి, ముద్రాపకుడు, సంపాదకుడు, విక్రేత తమ తమ స్థానాలలో ఏర్పడిన తరువాతే అది సాధ్యపడింది. పూజ్యమన్న మాట ఆనాటి కవులను కొలిచిందనుకోవడం కంటె, వారికి లేని ముద్రణా వసతిని కొలిచిందనుకోవడం చరిత్రకు దగ్గరగా ఉంటుంది.