గంజాం తీరంలో ఓడ కిరాయి

సముద్రం మీదుగా సరకు చేరవేయడానికి ఓడల కంపెనీ తీసుకునే రుసుమును ఓడ కిరాయి అంటారు. ఒడిశాలోని గంజాం జిల్లాలో సరకును ఒడ్డుకు చేర్చే ఖర్చు కూడా దీనికి తోడయ్యేది.

ఋషికుల్యా నది మొగ దగ్గరున్న గంజాం పట్టణం ఒకప్పుడు రేవు, జిల్లా కేంద్రం కూడా. 1815 ప్రాంతంలో విషజ్వరాలు ప్రబలి కచేరీలు తరలిపోయాయి. ఆ తర్వాత ఆ జిల్లాలోని బరంపురానికి గోపాలపురం రేవయింది. అక్కడ ఓడ ఒడ్డుకు రాలేదు. దూరాన లంగరు వేస్తే, మసూలా పడవలు కెరటాలను దాటి వెళ్లి సరకు దించుకునేవి. కొబ్బరి తాళ్లతో పలకలను కుట్టిన ఆ పడవలు అలల దెబ్బకు విరగకుండా వంగుతాయి. వాటిని నడిపిన నోలియాలు తెలుగు మాట్లాడే బెస్తవారు. సముద్రం పోటెత్తితే పని నిలిచిపోయేది. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లే కూలీలూ ఇలాగే స్టీమరెక్కారు. 1890ల్లో రైలు వచ్చింది. 1933లో విశాఖ రేవు తెరుచుకుంది. 1942లో రంగం జపాను చేతికి చిక్కింది. దాంతో గోపాలపురం వెలవెలబోయింది.

1987లో గోపాలపురం రేవు మళ్లీ మొదలైంది, అదీ వాతావరణం అనుకూలించే నెలల్లోనే. 2006లో ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటింది. 2024లో అదానీ సంస్థ ఈ రేవును కొనుగోలు చేస్తున్నట్లు ప్రకటించింది. అయితే ఈ రేవుకు ప్రధానమైనవి ఖనిజాలు, బొగ్గు వంటి సరకులే. అంగడి సరకుల కంటైనర్లు విశాఖ వంటి రేవుల్లో దిగి, లారీల్లో బరంపురం చేరతాయి.

అందుకే ప్రపంచ కిరాయిలు పెరిగితే ఇక్కడి దుకాణాలకూ దెబ్బ తగులుతుంది. కోవిడ్ కాలంలో కంటైనర్లు చిక్కుపడ్డాయి. 2019లో సగటున సుమారు 1,420 డాలర్లున్న నలభై అడుగుల పెట్టె కిరాయి, డ్రూరీ సంస్థ కంటైనర్ కిరాయి సూచీ ప్రకారం 2021 సెప్టెంబరులో 10,000 దాటింది. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులతో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగసాగాయి, కిరాయి మళ్లీ ఎగిరింది. మన కస్టమ్స్ సుంకాన్ని కిరాయి, బీమా కలిపిన విలువపై లెక్కిస్తారు కాబట్టి పన్నూ పెరుగుతుంది. పెద్ద కంపెనీలకు ఏడాది ఒప్పందాలుంటాయి. చిన్న దిగుమతిదారుకు ఆ రోజు ధరే దిక్కు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ముద్రించి ఉంటే దుకాణదారు అంతకు మించి పైసా తీసుకోలేడు. టోకు ధర పెరిగితే, కొత్త ఎమ్మార్పీతో సరకు వచ్చేదాకా తగ్గేది అతని లాభమే.

వంట నూనె దారి వేరు. కాకినాడ వంటి రేవులకు పామాయిల్ ట్యాంకర్లలో వస్తుంది. ఆ కిరాయిలకు లెక్క వేరు కాబట్టి, కంటైనర్ల సూచీని చూసి నూనె ధర అంచనా వేయడం కుదరదు.