గుండ్ల మధ్య ఇల్లు

ఇల్లు కట్టేవాళ్లు ముందు జాగా చదును చేస్తారు. 1930లలో నిజాం ప్రభుత్వ ఉద్యోగి మెహదీ నవాజ్ జంగ్ ఆ పని చేయలేదు. బంజారాహిల్స్‌లో ఎక్కడి గుండ్లను అక్కడే ఉంచి, వాటినే గోడల్లో కలుపుకుంటూ ఇల్లు కట్టుకున్నాడు. ఈ సంగతి తెలిశాక హైదరాబాద్‌లో ఏ గుండు కనబడినా ఆగి చూడడం నాకు అలవాటైంది.

ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే ఈ గుండ్లు ఎక్కడినుంచో దొర్లి వచ్చినవి కావు. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల చల్లారి గట్టిపడిన గ్రానైట్ ఇది. పైపొరలు అరిగి బరువు తగ్గేకొద్దీ బండ నిలువునా అడ్డంగా పగిలింది. పగుళ్లలో దిగిన నీరు మూలల్ని ముందు తినేసింది, నడిమి భాగం గుండ్రంగా మిగిలింది. చుట్టూ ఉన్న మొరం వానలకు కొట్టుకుపోయి గుండ్లు బయటపడ్డాయి.

కుతుబ్‌షాహీలు ఈ రాళ్లతో సర్దుకుపోయారు. గోల్కొండ గోడలు గుండ్లను కలుపుకుంటూ సాగుతాయి. మౌలాలి గుట్ట మీద దర్గా వెలసింది. ఆ గుట్ట పాదంలో 1824లో కన్నుమూసిన కవయిత్రి మహలఖా బాయి సమాధి ఉంది. నౌబత్ పహాడ్ మీద నగారా మోగితే ఊరికి ఫర్మానా తెలిసేది. దాని జంట గుట్ట కాలా పహాడ్ మీద 1976లో తెల్లని పాలరాతి బిర్లా మందిరం లేచింది.

నా మనసు మాత్రం బంజారాహిల్స్‌లోనే ఉండిపోయింది. 1930లలో అది ఊరవతల ఉన్న అడవి, గుండ్ల సందుల్లో సీతాఫలం చెట్లు. అక్కడ ఇల్లు కట్టుకుని, మిగతావాళ్లనూ రమ్మని ప్రోత్సహించినవాడు మెహదీ నవాజ్ జంగే. 1933లో రవీంద్రనాథ్ టాగోర్ ఆయన ఇంట్లో అతిథిగా ఉండి, ఈ కొండల మీద ఒక కవిత రాశాడు. 1960లో గుజరాత్ ఏర్పడినప్పుడు మెహదీ నవాజ్ జంగ్ దాని తొలి గవర్నర్ అయ్యాడు. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పేరులోని మూడు అక్షరాలు ఆయనవే. అక్కడి క్యూలో నిలబడే వేలమందికి ఆ ఇంటి కథ కూడా చెప్పాలనిపిస్తుంది నాకు.

తర్వాత అందరూ ఆయనలా కట్టలేదు. సుత్తె, ఉలితో వడ్డెరలు బండ కొట్టిన రోజుల్లో ఒక గుట్ట తరగడానికి ఏళ్లు పట్టేది. పేలుడు మందు, యంత్రాలు వచ్చాక గుట్టలు కంకరై పునాదుల్లోకి పోయాయి. ఇది అందం ఒక్కటే పోగొట్టుకున్న వ్యవహారం కాదు. వాన కురిస్తే బండల మీది నీరు జారి చెరువుల్లో చేరేది. ఒకప్పుడు గోల్కొండకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు అలా గుట్టల నడుమ నిండినదే. గుట్టను కోసి కాంక్రీటు పోశాక ఆ నీరు రోడ్ల మీదికొస్తోంది, మనం వానను తిట్టుకుంటున్నాం.

చిరాన్ ప్యాలెస్ ఉన్న అడవి 1998లో కేబీఆర్ జాతీయ పార్కు కావడంతో, అందులోని గుండ్లు బతికాయి. 1996 నుంచి రాళ్లను కాపాడే సంఘం ఒకటి జనాన్ని వెంటబెట్టుకుని గుట్టలు చూపిస్తోంది. కొన్ని శిలలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఎక్కనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. ఈ చలికాలంలో పిల్లల్ని తీసుకుని ఖాజాగూడ గుట్టలెక్కండి. మీ కాలనీ పక్కన గుండు మిగిలి ఉంటే దాన్నీ జాబితాలో చేర్చమని అర్జీ పెట్టండి.