ఫిలిప్పీన్సు నర్సుల ప్రవాసము

ఆసుపత్రిలో నడిరేయి కన్ను తెరచిన రోగికి, చెంత నిలిచిన నర్సు ఏ దేశస్థురాలో విచారించు తీరిక ఉండదు. అమెరికాలో అనేక పర్యాయములు ఆమె ఫిలిప్పీన్సు బిడ్డయే. ఆమె అంతదూరము వచ్చిన కథను నేడు శ్రోతలకు విన్నవింపగోరుచున్నాము.

1898లో స్పెయిను పాలన తొలగి ఫిలిప్పీన్సు దీవులు అమెరికా వశమయ్యెను. 1906లో ఇలోయిలో నగరపు మిషను ఆసుపత్రిలో నర్సుల పాఠశాల వెలసెను. మరుసటి యేట మనీలాలోను అట్టి శిక్షణము ప్రారంభమయ్యెను. బోధన ఆంగ్లభాషలో, పాఠ్యక్రమము అమెరికా పద్ధతిలో సాగెను. స్వదేశపు రోగులకై నేర్పిన ఆ విద్యయే, కాలక్రమమున విదేశమునకు బాట వేసెను.

1948లో అమెరికా సందర్శక వినిమయ పథకమును నెలకొల్పెను. అన్యదేశీయులు వచ్చి, రెండేండ్లు పని నేర్చి, స్వదేశమునకు మరలవలెనని దాని నియమము. 1956 – 1969 సంవత్సరముల నడుమ 11,000కు మించిన ఫిలిప్పీన్సు నర్సులు ఈ పథకము క్రింద వెళ్లిరి. నర్సుల కొరతతో సతమతమగుచున్న కొన్ని ఆసుపత్రులు వారిచేత నర్సు పని అంతయు చేయించుకొని, శిక్షణార్థులను నెపమున స్వల్పభత్యముతో సరిపుచ్చెను. 1965 నాటి వలస చట్టముతో స్థిరనివాసమునకు దారి తెరువబడినది.

దారి తెరచుకొన్నను విశ్వాసము వెంటనే లభింపలేదు. 1975లో మిచిగన్ రాష్ట్రమందలి ఆన్ ఆర్బరులో, మాజీ సైనికుల ఆసుపత్రియందు పలువురు రోగులకు హఠాత్తుగా శ్వాస స్తంభించెను, కొందరు మరణించిరి. ఫిలిపీనా నార్సిసో, లియొనోరా పెరెజ్ అను ఇరువురు నర్సులపై అభియోగము మోపబడెను. వారు విషము నెక్కించుట చూచిన సాక్షి ఒక్కరును లేకున్నను, 1977లో జ్యూరీ వారిని దోషులనెను. న్యాయమూర్తి పునర్విచారణకు ఆజ్ఞాపింపగా, 1978లో ప్రభుత్వమే అభియోగమును ఉపసంహరించుకొనెను. కాని పోయిన ఆ సంవత్సరములు వారికి తిరిగి రాలేదు.

2020లో కోవిడ్ ప్రబలినది. ఆనాడు అమెరికా నర్సులలో ఫిలిప్పీన్సు వారు నూటికి సుమారు నలుగురు. ఆ సెప్టెంబరు నాటికి కోవిడ్‌తో మరణించిన నర్సులలో మాత్రము దాదాపు మూడవవంతు వారేయని అచ్చటి నర్సుల సంఘమొకటి లెక్క తేల్చెను. రోగుల పడకల చెంతనే నిలిచి పనిచేయువారు వారిలో పెక్కుమంది.

అవసరము కలిగినపుడు పిలుచుట, అనుమానము కలిగినపుడు వేలు చూపుట లోకమున సులభము. పరాయి ఇంటి బిడ్డచే సేవ చేయించుకొన్నవారు ఆమె పనికి తగిన పేరును, వేతనమును, విశ్వాసమును కూడ ఒసగవలెను. ఈ చరిత్రలో మాకు తోచిన పాఠమిదియే.